ఆ పిల్లవాడి బూట్లు

మా పిన్నికి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు కందిపప్పు డబ్బా వెనకాల దాచుకుని చదివిన మనిషి. దూరదర్శన్ తప్ప మరో దిక్కు లేని 1980లలో ‘ఓల్డ్ ఫాక్స్’ అని ఒక జర్మన్ సీరియల్ ఇంగ్లీషు మాటలతో వచ్చేది. మీలో కొందరికి గుర్తుండే వుంటుంది. మ్యూనిక్ నగరంలో పెద్దవయసు ఇన్‌స్పెక్టరు ఒకాయన, తొందరపడకుండా హంతకుల్ని పట్టుకునేవాడు. పిన్నికి ఆ ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. అయినా కథ సగంలో వుండగానే హంతకుడెవరో చెప్పేసేది. “ఎలా తెలిసింది పిన్నీ?” అంటే, “వాళ్ళ పెదాలు ఒకటంటాయి, గొంతు ఇంకోటంటుంది. ఇక అబద్ధాన్ని కళ్ళల్లో కాక ఎక్కడ వెతకనే?” అనేది.

ఆ సీరియల్ అసలు పేరు ‘డెర్ ఆల్టె’, అంటే ‘ముసలాయన’. 1977లో మొదలైంది. ఇన్‌స్పెక్టరు వేషం వేసిన జీగ్‌ఫ్రీడ్ లోవిట్స్ నూరు కథలు పూర్తిచేసి 1986లో తప్పుకున్నాడు. నేను చెప్పబోయేది ఆయన గురించి కాదులెండి. అంతకంటే ముందు, 1970లో, జర్మన్ టెలివిజన్‌లో వచ్చిన ఒకే ఒక్క కథ గురించి. ఈమధ్య ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పిన్నికి ఆ కథ చెప్పాను. చెప్పాక మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆ పేచీ తీర్చుకోవడానికి పుస్తకాలు తిరగెయ్యాల్సి వచ్చింది.

జర్మన్లకి అపరాధ పరిశోధన కథల పిచ్చి ఎంతటిదో ముందు చెప్పాలి. 1962 జనవరిలో ‘దస్ హాల్స్‌టూఖ్’ అని ఆరు భాగాల కథ వచ్చింది. మెడకి చుట్టుకునే స్కార్ఫు అని ఆ పేరుకి అర్థం. ఫ్రాన్సిస్ డర్‌బ్రిడ్జ్ అనే ఇంగ్లీషు రచయిత కథ అది. టీవీ వున్న ప్రతి పది ఇళ్ళల్లో ఇంచుమించు తొమ్మిదింట అదే చూశారు. వీధులు ఖాళీ, సినిమాహాళ్ళు ఖాళీ. ఇలాంటి కథలకి వాళ్ళ భాషలో ‘వీధులూడ్చేవి’ అని పేరే పడిపోయింది. సరిగ్గా ఆఖరి భాగానికి ముందు వోల్ఫ్‌గాంగ్ నాయిస్ అనే హాస్యనటుడు పేపర్లో ప్రకటన వేయించి, హంతకుడి వేషం ఫలానా నటుడిదని బయటపెట్టేశాడు. జనం ఇళ్ళల్లో కూర్చోకుండా తన సినిమాకి రావాలని ఆయనగారి ఆశ. దేశం భగ్గుమంది. ఒక పత్రికైతే ఏకంగా ‘దేశద్రోహి’ అంది. అందుకని నేను కూడా ఈ కథ ముగింపు మీకు చెప్పను. పిన్నికి మాత్రం చెప్పాను. చెప్పకపోతే కాఫీ ఇచ్చేది కాదు.

1969లో అక్కడి రెండో ఛానెల్లో ‘డెర్ కొమిసార్’ అనే సీరియల్ మొదలై జనాన్ని కట్టిపడేసింది. మొదటి ఛానెల్ వాళ్ళకి గుబులు పట్టుకుంది. ఆ మొదటి ఛానెల్ ఒక్కరి సొత్తు కాదు. హాంబుర్గ్, కొలోన్, మ్యూనిక్ ఇలా ప్రాంతానికొక స్టేషను చొప్పున అన్నీ కలిసిన ఉమ్మడి కుటుంబం. కొలోన్ స్టేషన్లో పనిచేసే గుంటర్ విట్టె ఒక ఉపాయం చెప్పాడు. ఉమ్మడి కుటుంబంలో కోడళ్ళు వంతులవారీగా వంట చేసినట్టు, ఒక్కో స్టేషను తన వూరి ఇన్‌స్పెక్టరుతో తన వూరి కథ తీసి పెట్టాలి. పేరు ‘టాటోర్ట్’, అంటే నేరం జరిగిన చోటు. ఆదివారం రాత్రి ఎనిమిది గంటల వార్తలయ్యాక ఎనిమిదింబావుకి ప్రసారం. మొదట తెరమీద రెండు కళ్ళు, తరవాత పరుగెత్తే రెండు కాళ్ళు కనిపిస్తాయి. అవి హోర్స్ట్ లెట్టెన్‌మాయర్ అనే నటుడివి. ఆ కళ్ళకీ కాళ్ళకీ కలిపి ఆయనకి దక్కింది 400 మార్కులు. కథలు వెయ్యి దాటి ఇప్పటికీ వస్తూనే వున్నాయి, అవే కళ్ళు, అవే కాళ్ళు. ఆ రోజున బేరమాడడం తెలిస్తే ఎంత బాగుండునో పాపం!

మొదటి కథ 1970 నవంబరు 29న వచ్చింది. హాంబుర్గ్ స్టేషను వంతు. నిజానికి సీరియల్ ఊహ గట్టిపడకముందే విడిగా తీసి వుంచిన చిత్రాన్ని తెచ్చి మొదట నిలబెట్టారు. పేరు ‘లైప్‌జిగ్‌కి టాక్సీ’. ఫ్రీడ్‌హెల్మ్ వెరెమాయర్ నవల. పీటర్ షుల్ట్సె-రోర్ దర్శకుడు. ఇన్‌స్పెక్టర్ ట్రిమ్మెల్‌గా వేసిన వాల్టర్ రిష్టర్‌కి అప్పటికి అరవై అయిదేళ్ళు. బరువైన మనిషి, బరువైన మాట.

తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్ దగ్గర, పెద్ద రహదారి పక్కన బళ్ళు ఆపుకునే చోట ఒక చిన్నపిల్లవాడి శవం దొరుకుతుంది. ఎవరి బిడ్డో తెలియదు. కాళ్ళకి వున్న బూట్లు మాత్రం పశ్చిమ జర్మనీలో తయారైనవి. దాంతో అక్కడి ప్రభుత్వ న్యాయాధికారి పశ్చిమ జర్మనీకి రాస్తాడు, మీవాడేమో చూడండి అని. నాలుగు రోజులు కాకుండానే ఇంకో కబురు వస్తుంది, అక్కర్లేదు, మా విన్నపం వెనక్కి తీసుకున్నాం అని. జీతం రాళ్ళు ఒకటో తారీఖున చేతిలో పడితే చాలుననుకునే ఉద్యోగి ఎవడైనా ఆ ఫైలు కట్టేసి అటక మీద పెట్టేస్తాడు. ట్రిమ్మెల్ పెట్టడు. చచ్చిపోయిన పసివాణ్ణి గురించి అడిగిన ప్రశ్నని ఎవరైనా ఎందుకు వెనక్కి తీసుకుంటారు?

ఇక్కడ పిన్ని ఈనెలు తియ్యడం ఆపి, “బూట్లకి దేశమేమిటే?” అంది.

1949లో జర్మనీ రెండు రాజ్యాలైంది. మే నెలలో పశ్చిమం, అక్టోబరులో తూర్పు. 1961 దాకా తూర్పు నుంచి సుమారు 27 లక్షలమంది అటు వెళ్ళిపోయారు. 1961 ఆగస్టు 13న బెర్లిన్‌లో సరిహద్దు మూసి, తరవాత గోడ కట్టేశారు. పశ్చిమ బెర్లిన్ తూర్పు రాజ్యం మధ్యలో దీవిలా మిగిలింది. పశ్చిమం వాళ్ళు ఆ దీవికి కార్లో వెళ్ళాలంటే తూర్పు రాజ్యంలోంచి పోయే కొన్ని రహదారులు మాత్రం వదిలారు. ఆ దారి మీద బండి పోవచ్చు, దారి దిగి ఊళ్ళోకి మాత్రం పోకూడదు. మనకి బెజవాడ వెళ్ళడానికి టాక్సీ ఎక్కడం వింతా విడ్డూరమా? వాళ్ళకి 1970లో ఆ రోడ్డు దిగి లైప్‌జిగ్‌కి టాక్సీ ఎక్కడమే ఒక నేరం. ట్రిమ్మెల్ కారు చెడిపోయిందని నాటకమాడి ఆ టాక్సీ ఎక్కుతాడు. అసలు చిత్రం పేరులోనే అంత దడ వుందన్నమాట. తెర మీద కనిపించే తూర్పు మాత్రం నిజమైన తూర్పు కాదు, పశ్చిమంలోనే తీసిన బొమ్మ.

బూట్ల సంగతికి వస్తే, తూర్పువాళ్ళకి పశ్చిమం నుంచి బంధువులు పార్సెళ్ళు పంపేవారు. పైన ‘కానుక, అమ్మకపు సరుకు కాదు’ అని రాయాలి. లోపల కాఫీపొడి, చాక్లెట్లు, సబ్బులు, మేజోళ్ళు, పిల్లల బట్టలు. పెట్టె విప్పగానే కాఫీ సబ్బూ కలిసిన వాసన గది నిండా వచ్చేదని ఆ కాలం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వాసనే వాళ్ళకి పశ్చిమం. అంచేత పశ్చిమపు బూట్లు వేసుకున్నంత మాత్రాన పశ్చిమపు బిడ్డే అని చెప్పలేం. చెప్పలేకపోవడంలోనే కథ వుంది.

హంతకుణ్ణి చెప్పనన్నాను గానీ, ఒక మెలిక చెప్పకపోతే నా గోడు మీకు అర్థం కాదు. పశ్చిమంలో లాండ్స్‌బెర్గర్ అనే పెద్దమనిషి వున్నాడు. ఆయనకి ఒక కొడుకు. ఆ పిల్లవాడికి రక్తంలో కాన్సర్. 1970లో పసిపిల్లలకి ఆ జబ్బు వస్తే ఇంచుమించు యముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినట్టే. తూర్పున లైప్‌జిగ్‌లో ఈవా బిల్సింగ్ అనే అమ్మాయి వుంది. ఒకప్పుడు ఆయన ప్రేమించినది. పెళ్ళి కాలేదు. ఆమెకీ ఆయనవల్ల పుట్టిన కొడుకున్నాడు. వాడు ఆరోగ్యంగా వున్నాడు. ఇద్దరు పిల్లల్నీ మార్చేసుకున్నారు. జబ్బు పిల్లవాడు తూర్పుకి, ఆరోగ్యవంతుడు పశ్చిమానికి. తన కొడుకు అక్కడైనా బాగా బతుకుతాడని ఆ తల్లి ఒప్పుకుంది.

ఈ మాట వినగానే మనకి ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? అర్ధరాత్రి, చెరసాల, యమున, తలమీద బుట్ట. దేవకి కన్నబిడ్డని అవతలి ఒడ్డుకి పంపింది, వాడు బతకాలని. “అచ్చం దేవకీదేవే పిన్నీ! ఎంత గుండె రాయి చేసుకుని వుంటుందో! ఎంత త్యాగం!” అన్నాను. నాకు కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నవలలు రాసేవాళ్ళం కదా, త్వరగా తిరుగుతాయి.

పిన్నికి తిరగలేదు. “అవతలి ఒడ్డున బాగుంటాడని ఆవిడకి ఎవరు చెప్పారే? ఆయనేనా?” అంది.

పిన్ని అలా అనడానికి కారణం వుంది. అయిదో ఏట ఆవిణ్ణి బందరులో పిల్లలు లేని పెద్దమ్మగారింటికి పంపారు. అక్కడ బడుంది, పాడి వుంది. దత్తత కాదు, ఊరికే పెంపకం. మంచే జరిగింది, చదువుకుంది. “మా అమ్మ త్యాగం చేసిందనే అందరూ అన్నారు. నేనేం చేశానో ఎవరూ అనలేదు. వాకిట్లో బండి చప్పుడైతే పరుగెత్తేదాన్ని, మా నాన్న వచ్చాడేమోనని. కొన్నాళ్ళకి పరుగెత్తడం మానేశాను” అంది. ఇన్నేళ్ళలో ఈ మాట నేను వినలేదు.

అదీ మా పేచీ. ఎవరు చెప్పారన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ రెండు దేశాల్లో అప్పటి చట్టాలేమిటో చదివాను. చదివితే, ఆ చిత్రం తీసినవాళ్ళు ఒక్క మాటైనా చెప్పని విషయం ఎదురైంది.

పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డకీ, ఆ బిడ్డ తండ్రికీ పశ్చిమ జర్మనీ చట్టం ప్రకారం చుట్టరికమే లేదు! కన్నాడు, ఖర్చు ఇవ్వాలి, అంతే. బంధువు కాడు. ఈ మాట వాళ్ళ పౌరస్మృతిలో 1970 జూన్ ఆఖరు దాకా వుంది. జూలై 1న కొత్త చట్టం వచ్చి తీసేసింది. చిత్రం ప్రసారమైంది అయిదు నెలల తరవాత. అంటే ఆ కథ అల్లుకునే నాటికి ఈవా కొడుకు తన సొంతపేరుతో పశ్చిమానికి వెళ్ళి వుంటే, కన్నతండ్రి ఇంట్లో చట్టానికి పరాయివాడు. చచ్చిపోబోయే అన్నదమ్ముడి పేరు తొడుక్కుంటేనే కొడుకు. మరి తూర్పున? అక్కడ 1950లోనే తల్లీపిల్లల రక్షణ చట్టం చేసి, పెళ్ళి కాని తల్లికి బిడ్డమీద పూర్తి హక్కు ఇచ్చేశారు. పిల్లల్ని చూసుకునే శిశుశాలలు వూరూరా పెట్టారు. ఆడవాళ్ళు చాలామంది ఉద్యోగాలు చేసేవాళ్ళు. పశ్చిమంలోనైతే 1977 దాకా, పెళ్ళయిన ఆడది ఉద్యోగం చెయ్యాలంటే అది ఇంటిపనికీ సంసారానికీ అడ్డు రాకూడదని చట్టంలోనే రాసి వుంది. దీన్ని చదివి నేను నమ్మలేక మళ్ళీ చదివాను.

తూర్పు స్వర్గమని నా ఉద్దేశం కాదు. స్వర్గమైతే చుట్టూ గోడ ఎందుకు కడతారు, దాటబోయేవాళ్ళని ఎందుకు కాలుస్తారు? బెర్లిన్ గోడ దగ్గరే కనీసం 140 మంది పోయారు. చూడగలిగిన బంధువుల్ని చూడడానికి కూడా దయాభిక్ష కావాలి. 1963 క్రిస్మసుకి మొదటిసారి పశ్చిమ బెర్లిన్ వాళ్ళని అటు వెళ్ళనిస్తే, రెండున్నర వారాల్లో పన్నెండు లక్షల రాకపోకలు జరిగాయి. 1964 నుంచి తూర్పు నుంచి ముసలివాళ్ళని పశ్చిమానికి చుట్టపుచూపుగా పోనిచ్చారు, ఆడవాళ్ళైతే అరవై దాటాలి, మగవాళ్ళైతే అరవై అయిదు. వాళ్ళు తిరిగి రాకపోయినా ప్రభుత్వానికి పింఛను కలిసొస్తుంది కదా! అందుకే ఆ రోజుల్లో రెండు దేశాల మధ్య కబుర్లు మోసినవాళ్ళలో అమ్మమ్మలూ నాయనమ్మలూ ఎక్కువ. ఈవా వయసు ఆడదానికి ఆ భాగ్యం లేదు. అరవై ఏళ్ళు వచ్చేదాకా ఆగాలి కొడుకుని చూడడానికి. అప్పటికి వాడు ఎవణ్ణని అమ్మా అని పిలుస్తాడు?

ఇంత లెక్క వున్న చోట, చిత్రం ఒకే ఒక్క అంకె చెబుతుంది. పిల్లవాడికి పశ్చిమమే మంచిది. ఎందుకో అడగదు. కథంతా మగవాళ్ళ చేతుల మీద నడుస్తుంది. తండ్రి అడుగుతాడు, ఇన్‌స్పెక్టరు వెతుకుతాడు, ఈవాని ఇష్టపడే తూర్పు పోలీసు ఒకడు కాపలా కాస్తాడు. ఈవా చిన్న గదిలో కూర్చుని అడిగినవాటికి జవాబులు చెబుతుంది. దేవకికి కూడా మన కథలో మాటలు తక్కువే, ఆ మాట నిజమే. కానీ దేవకికి అవతలి ఒడ్డు గురించి ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈ ఒడ్డున కంసుడున్నాడు. ఈవాకి ఈ ఒడ్డున ఏమున్నాడు? ఈ చిత్రాన్ని చిన్నబుచ్చడం నాకిష్టం లేదు. అంత పాత కథలో, తుపాకీ పేలకుండా, కారు వెంటపడకుండా, ఒక బూట్ల జతతో గంటన్నర కూర్చోబెట్టడం మాటలు కాదు. పశ్చిమంలో తీసిన చిత్రం తూర్పువాళ్ళని రాక్షసులుగా చూపించకపోవడం కూడా ఆ రోజుల్లో గొప్పే. ఆ ఏడాది మార్చిలోనే పశ్చిమ ప్రధాని విల్లీ బ్రాంట్ తూర్పున ఎర్‌ఫుర్ట్‌కి వెళ్ళాడు. ఆయన్ని హోటలు కిటికీ దగ్గరికి రమ్మని జనం కేకలు పెట్టారు. రెండు ఇళ్ళవాళ్ళూ మాట్లాడుకోవడం అప్పుడప్పుడే మొదలైంది.

తూర్పువాళ్ళూ ఈ సీరియల్ చూసేవాళ్ళే. యాంటెన్నా పశ్చిమం వైపు తిప్పితే బొమ్మ వచ్చేది. 1961లో పార్టీ కుర్రాళ్ళు డాబాలెక్కి ఆ యాంటెన్నాలు తిప్పేశారు, విరిచేశారు. ఎన్నని విరుస్తారు? డ్రెస్డెన్ వైపు మాత్రం లోయ కావడంతో బొమ్మ అందేది కాదు. ఆ ప్రాంతాన్ని ‘ఏమీ తెలియనివాళ్ళ లోయ’ అని వెక్కిరించేవాళ్ళు. చివరికి తూర్పు ప్రభుత్వమే 1971 జూన్‌లో తన సొంత పోలీసు సీరియల్ మొదలుపెట్టింది, ‘పోలిట్సైరూఫ్ 110’ అని. అందులో మొదటి కథ నుంచే ఒక ఆడ పోలీసు అధికారి వుంది, వేరా ఆర్న్‌ట్ అనే పాత్ర, జీగ్రిడ్ గోలర్ వేసింది. పశ్చిమపు టాటోర్ట్‌లో ఆడ ఇన్‌స్పెక్టరు రావడానికి 1978 దాకా పట్టింది. నికోల్ హీస్టర్స్ వేసిన ఆ పాత్ర వచ్చేసరికి మగ ఇన్‌స్పెక్టర్లు ఏడేళ్ళుగా హంతకుల్ని పట్టేస్తూనే వున్నారు. పిన్నికి ఈ సంగతి చెబితే చాలా సంతోషించింది.

1989 నవంబరు 9 రాత్రి గోడ తెరుచుకుంది. మరుసటి ఏడాది అక్టోబరులో రెండు దేశాలూ ఒకటయ్యాయి. ఆ నెలాఖరుకే రెండు సీరియళ్ళ పోలీసులూ ఒకే కథలో కలిసి కనిపించారు, ‘అన్నదమ్ముల మధ్య’ అని ఆ కథ పేరు. 2016 నవంబరులో టాటోర్ట్ వెయ్యో కథ వచ్చింది. దానికి మళ్ళీ అదే పేరు, ‘లైప్‌జిగ్‌కి టాక్సీ’. ఈసారి టాక్సీలో వెనక సీట్లో ఒక ఆడ ఇన్‌స్పెక్టరు కూడా వుంది. దారి పొడుగునా ఎక్కడా కాగితాలు చూపించమన్నవాడు లేడు. ప్రమాదమంతా బండి నడిపేవాడితోనే.

ఇదంతా చదువుకుని, రెండు వారాల తరవాత మళ్ళీ పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఓడిపోయానని ఒప్పుకోవడానికే వెళ్ళాను. చట్టాలన్నీ చెప్పాను. పింఛను సంగతి చెబితే నవ్వింది. గెలిచినందుకు పొంగిపోలేదు.

“నువ్వు ఆ తల్లి గురించే చదువుతున్నావు. ఆ చచ్చిపోయినవాడి సంగతి చూశావా?” అంది.

చూడలేదు. దేవకి కథలో కూడా మనం అంతే కదా. బుట్టలో అటు వెళ్ళినవాడి వెంట పడతాం. వాడికి బదులుగా ఇటు వచ్చి, కంసుడి చేతిలో పడిన పసిదాన్ని గురించి ఎంతసేపు ఆలోచిస్తాం? దేవత గనక ఎగిరిపోయింది, మన మనసు తేలికపడింది. ఈ పిల్లవాడు దేవత కాదు. జబ్బుతో వున్న బిడ్డ, ముక్కూమొహం తెలియని ఊరికి, తనది కాని పేరుతో వెళ్ళాడు. ఎంతసేపూ వీడి బూట్లు ఎక్కడివనే అడిగారు గానీ, వాడికి ఎవరు తొడిగారని ఇన్‌స్పెక్టరూ అడగలేదు, నేనూ అడగలేదు.

“పెరిగే పిల్లలకి బూట్లు కొంటే వేలెడు ఖాళీ వుంచి కొంటాం” అంది పిన్ని, చేట దులుపుతూ. “వాడికి ఎలా కొన్నారో? సరిపోయేవే కొన్నారా?”